బస్టాండు దాకా వచ్చి ఆగిపోయిన కథ

కర్నూలా, కడపా? ఏడాదిగా మా ఇంట్లో ఈ ప్రశ్న నలుగుతోంది. హైదరాబాదు వదిలేయాలన్నది తేలిపోయింది. అమ్మ ఊర్లో ఒక్కతే ఉండలేకపోతోంది, నేను ఇక్కడ అద్దెలు కట్టలేకపోతున్నాను. నా పని పుస్తకాలతో, పాఠాలతో. ఏ ఊర్లో ఉన్నా ఎంతోకొంత సాగుతుంది. మా ఊరు చాగలమర్రి పక్కన. మాకు దగ్గరి పట్నం కడప, జిల్లా మాత్రం కర్నూలు. ఆస్పత్రికి, సినిమాకు కడప వైపు, కలెక్టరాఫీసు కాగితాలకు కర్నూలు వైపు తిరిగి పెరిగినవాళ్ళం. 2022 ఏప్రిల్‌లో గడప దాటకుండానే మా జిల్లా నంద్యాల అయింది. అది వేరే సంగతి.

నాయన వైపువాళ్ళు కర్నూల్లో ఉన్నారు, అమ్మ వైపువాళ్ళు కడపలో. "కర్నూలైతే హైదరాబాదుకు రైలుండాది, పెద్దాసుపత్రి ఉండాది, నీకూ ఏదో ఒక కాలేజీలో పని దొరుకుతాది" అని మా చిన్నాయన. "కడపైతే మనోళ్ళ మధ్యన ఉంటారు, ఇద్దరాడోళ్ళు, రేపేదన్నా అయితే?" అని మా మామ. చిన్నాయన మాటల్లో ఉద్యోగం ఉంది, మామ మాటల్లో కాపలా ఉంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఈ ఏడాదిలో నేను గమనించిందేమంటే, ఇద్దరూ ఫోను చేసేది నాకే. అమ్మకు ఏ ఊరు కావాలో ఇద్దరూ అడగలేదు. చాలాకాలం దాకా నేనూ అడగలేదు.

నాకొక దురలవాటు ఉంది. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే ముందు పుస్తకాల అలమర దగ్గరికి పోతాను. పరిశోధన చేసిన రోజుల్లో పోగైన సీమ కథలు, నవలలు ఒక అర నిండా ఉన్నాయి. కర్నూల్లోనో కడపలోనో ఒక ఆడమనిషి ఇల్లు వెతుక్కున్న కథ, అద్దెకు దిగిన కథ, పక్కింటివాళ్ళతో కుళాయి దగ్గర గొడవపడి మళ్ళీ కలిసిపోయిన కథ ఒకటైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఊరు దొరికింది, ఎండిన చెరువు దొరికింది, బోరు బండి, కందిచేను, కచేరి, కోర్టు వాయిదా, హత్య అన్నీ దొరికాయి. పట్నం వచ్చేసరికి కథ బస్టాండులో దిగుతుంది. పని చూసుకుని సాయంత్రం బస్సుకు తిరిగి పోతుంది, లేకపోతే అక్కణ్ణించి నేరుగా బెంగుళూరుకో హైదరాబాదుకో వెళ్ళిపోతుంది. నేను చదివిన మేరకు, మన కథల్లో జిల్లా పట్నం ఒక బస్టాండు, ఒక ఆస్పత్రి వరండా. అక్కడ వంటిల్లు లేదు.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు తట్టిన కారణం ఒకటుంది. సీమ కథకుల్లో చాలామంది ఉపాధ్యాయులు, అధ్యాపకులు. పల్లెలో పుట్టి, చదువుకుని, ఉద్యోగానికి పట్నం చేరి, పట్నంలో అద్దింట్లో కూర్చుని వదిలి వచ్చిన పల్లె గురించి రాశారు. ఆ వేదన నిజమైనదే. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊర్ల పేర్లనే పరిశోధనాంశంగా తీసుకున్నారంటే ఊరు ఆ తరాన్ని ఎంతగా పట్టుకుని ఉందో అర్థమవుతుంది. కానీ కథ రాసిన చోటు కథలో లేకుండాపోయింది. ఆ అద్దింటిని వెతికిందెవరు, ఇల్లుగలామెతో సర్దుకుపోయిందెవరు, మూడేళ్ళకొకసారి బదిలీ కాగితం వచ్చినప్పుడల్లా సామాను మూటగట్టిందెవరు? వాళ్ళకు ఆ పట్నం కథావస్తువు అయ్యుండేది. వాళ్ళు రాయలేదు. రాసే తీరిక వాళ్ళకు లేదు.

మగవాడు ఊరు మారితే మన భాషలో వలస అంటాం, బదిలీ అంటాం, తరలిపోవడం అంటాం. ఆడది ఊరు మారితే కాపురానికి పోయింది అంటాం. వలసకు కారణం ఉంటుంది, కరువో ఉద్యోగమో. కాపురానికి కారణం అడగరు. మా అమ్మ పుట్టింది కడప పక్కన. ముప్ఫై అయిదేళ్ళు దాటింది ఈ ఊరొచ్చి. ఆమెను ఎవరూ వలస వచ్చిందనరు. సాహిత్య విమర్శలో వలస మీద వ్యాసాలకు లోటు లేదు, సదస్సులకూ లోటు లేదు. పెళ్ళిని వలసగా లెక్కేసి చదివిన వ్యాసాలు మాత్రం ఎన్ని ఉన్నాయో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

రెండు ఊర్ల మధ్య ఎంపిక అనేది సీమకు కొత్త కాదు. నిజానికి సీమ రాజకీయ చరిత్రలో ఆ మాట చుట్టూ నడిచిన పత్రం ఒకటుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక. మనం దాన్ని నీళ్ళ కోసం, నిధుల కోసం చదువుతాం. ఒకసారి సాహిత్య విద్యార్థులుగా కూడా చదవాలి. విశ్వవిద్యాలయం, హైకోర్టు, ముఖ్యపట్టణం అన్నీ ఒకేచోట పోగుపడకూడదని అందులో ఉంది. హైకోర్టు, ముఖ్యపట్టణం చెరొక ప్రాంతానికి రావాలని, అందులో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకు ఇవ్వాలని ఉంది. కోరుకునే హక్కు! సీమ పేరున ఆ మాట కాగితం మీదకు ఎక్కడం చిన్న విషయం కాదు. సంతకాలు చేసినవాళ్ళు కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు, కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య వంటి పెద్దలు. ఒక్క ఆడపేరు లేదు. ఆ రోజుల్లో రాజకీయాల్లో ఆడవాళ్ళెక్కడ అనేవాళ్ళకు ఒక్కటే జవాబు. కోటిరెడ్డిగారి భార్య రామసుబ్బమ్మగారే రాజకీయాల్లో పనిచేసిన మనిషి. కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర బస్సు దిగినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది.

ఆ హక్కు ప్రకారం 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. భవనాలు లేవు కాబట్టి డేరాలు వేశారు. ఏడాది తిరక్కుండానే 1954లో హైకోర్టు గుంటూరులో వెలిసింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ళ కాపురం. ఆ మూడేళ్ళకు గుర్తుగా కర్నూల్లో మిగిలినవి పేటల పేర్లు. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. క్యాంపు అంటే తాత్కాలికంగా వేసుకున్న మకాం. డెబ్భై ఏళ్ళయినా జనం ఆ మాటను చిరునామాలో రాసుకుంటున్నారు. సి క్యాంపు రైతు బజారులో కూరగాయలు బేరమాడే ఆడవాళ్ళలో ఆ పేరు వెనక ఒక రాజధాని వచ్చిపోయిందని గుర్తు చేసుకునేవాళ్ళు ఎందరుంటారు? 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని చట్టం చేశారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ అదే తంతు. సామాను దించుతారు, ఎత్తుతారు. 1953లో ఆ డేరాలకు ఉద్యోగుల వెంట వచ్చిన ఆడవాళ్ళు నీళ్ళెక్కణ్ణించి తెచ్చుకున్నారు, కాన్పులెక్కడ చేసుకున్నారు? రాజధాని చరిత్ర రాసినవాళ్ళ దగ్గర నాకు దీనికి జవాబు దొరకలేదు. మగవాళ్ళు చరిత్ర రాసుకుంటే ఇంతే కదా అని ఊరుకోవచ్చు. కానీ నవలాకారులైనా ఆ డేరాలో ఒక పొయ్యి వెలిగించాల్సింది.

కర్నూలు గురించి బయటి లోకానికి ఉన్న బొమ్మ వేరు. 2003 సంక్రాంతికి 'ఒక్కడు' వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. కొండారెడ్డి బురుజు తెర మీద కనబడగానే హాల్లో ఈలలు. మేమూ మురిసిపోయాం, మా జిల్లా బురుజు కదా. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే ఆ కథలో కర్నూలు ఏమిటో తెలిసింది. కర్నూలంటే ఒక ఆడపిల్ల పారిపోవాల్సిన ఊరు. ఆమెను మోహించిన ఫ్యాక్షనిస్టు ఉండే ఊరు. ఆమెకు రక్షణ చార్మినారు పక్కనున్న మరొకరింట్లో, ఆపైన అమెరికాలో. సొంత ఊర్లో ఉండే అవకాశం గురించి ఆ సినిమా ఒక్క నిమిషం కూడా ఆలోచించదు. 'సమరసింహారెడ్డి' (1999) నుంచి వరసగా వచ్చిన సినిమాలు సీమను సుమోలు, కత్తులు, మీసాలుగా చూపించాయని మన విమర్శకులు సరిగానే తిట్టారు. ఆ తిట్టడంలో కూడా మా మగాళ్ళు అంత క్రూరులు కారన్న బాధే ఎక్కువ వినిపించింది. ఆ సినిమాల వల్ల సీమ ఆడపిల్లకు ఏమైందో తక్కువ వినిపించింది. హైదరాబాదులో నేను అద్దిల్లు అడగబోయిన ఒక చోట "కర్నూలు జిల్లానా? మీవాళ్ళు గొడవలకి రారు కదా" అన్నారు. ఎం.ఏ. హాస్టల్లో "కడపా? బాంబులుంటాయా మీ ఇంట్లో?" అన్నది మామూలు జోకు. ఒక్కదాన్నే ఉంటానంటే అనుమానం, సీమదాన్నంటే రెండో అనుమానం.

విశాఖపట్నానికి ఒక 'కాలాతీత వ్యక్తులు' ఉంది. పి. శ్రీదేవిగారి ఆ నవలలో అద్దె వాటా, మెట్లు, పైగది కూడా పాత్రల్లాగా ఉంటాయి. ఇందిరను మెచ్చుకున్నా తప్పుబట్టినా, ఆమె ఒక పట్నంలో ఒక ఇంటిని తన చేతుల్లో పెట్టుకుని బతుకుతున్న మనిషి. దాన్ని చదివి విశాఖ చూడబోయిన అమ్మాయికి ఆ ఊర్లో ముందే ఒక పరిచయం ఉన్నట్టుంటుంది. కర్నూలు వెళ్ళే అమ్మాయికి బురుజు తప్ప పరిచయం ఏముంది? సాహిత్యం ఊరి గురించి సమాచారం ఇవ్వక్కర్లేదు. కానీ ఫలానా చోట నీలాంటి మనిషి బతికింది అన్న భరోసా ఇస్తుంది. ఆ భరోసా లేని పట్నాల్లో మనం ప్రతిసారీ మొదటి మనిషిలాగా దిగాలి.

ఇక్కడొక మాట నాకు నేను చెప్పుకోవాలి. సీమ ఆడవాళ్ళు కదలలేదని, అందుకే కథల్లో కదలిక లేదని అనుకుంటే పెద్ద తప్పు. ఆదోని, కోసిగి వైపు ఏటా సుగ్గికి పోతారు. గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. మిరపకాయ కోసే చేతుల్లో ఎక్కువ ఆడచేతులే. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటిపనికి పోయి ఏళ్ళకేళ్ళు ఉండి డబ్బు పంపుతారు. చక్రవేణు కథ పేరే 'కువైట్ సావిత్రమ్మ'. మగవాడి పేరుకు ముందు ఇంటిపేరో ఊరి పేరో ఉంటుంది, ఆమె పేరుకు ముందు ఒక దేశం వచ్చి కూర్చుంది. నాకెప్పుడూ ఆ పేరులో కొంచెం వెటకారం, కొంచెం భయం, కొంచెం గౌరవం కలిసి వినిపిస్తాయి. సుగ్గికి పోవడం దిక్కులేక, కువైట్ పోవడం అప్పు తీరక. ఎంపిక అనే మాట వాడటానికి నాకు నోరు రాదు. అయినా అక్కణ్ణించి తిరిగొచ్చినామె ఇల్లు ఏ ఊర్లో కట్టాలో తనే చెప్పడం మా చుట్టాల్లో చూశాను. "అత్తగారూర్లో కాదు, కడపలో కడతా" అని ఆమె అన్న రోజు ఇంట్లో పెద్ద రభస. ఆ రభస కథ కాలేదు.

వేంపల్లి షరీఫ్ 'జుమ్మా'లో తల్లి ఉంది. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. శుక్రవారం నమాజుకు పొమ్మని పోరే ఆ తల్లి, మక్కా మసీదు పేలుడు తర్వాత వద్దు పోవద్దంటుంది. రెండు ఊర్ల మధ్య దూరాన్ని తల్లి భయంతో కొలిచిన కథ అది. నాకు చాలా ఇష్టం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'లో హైదరాబాదులో ఉద్యోగం దొరకని కొడుకు ఊరికొచ్చి, కరువుకు గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతాడు. అడవి అతనికి ధైర్యం నేర్పుతుంది. గొప్ప నవల, ఆ గొర్రెల అరుపులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఈ రెండింటిలోనూ కదిలేది కొడుకు. తల్లి ఊర్లో ఉంటుంది, ఎదురుచూస్తుంది. నేను రచయితల్ని తప్పు పట్టడం లేదు, వాళ్ళు చూసింది వాళ్ళు రాశారు. అదే తల్లి ఒకరోజు సంచి సర్దుకుని నేనూ వస్తా, ఫలానా ఊర్లో ఉందాం అంటే కథ ఏమయ్యేదని మాత్రం నాకు అనిపిస్తుంది. రైతు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని మరో నేలకు పోవడాన్ని ఇంటిలోపలి నుంచి చూడటం మనకు తెలియని విద్య కాదు. చంద్రలత 'రేగడి విత్తులు' (1997) కోస్తా కుటుంబాలు తెలంగాణ రేగడి భూములకు పోవడం గురించి రాసిన నవల. ఆమె 'దృశ్యాదృశ్యం' ఆనకట్ట కింద పోయిన ఊర్ల గురించి రాసింది. అంటే కోస్తా నుంచి ఒక రచయిత్రి ఆ పని చేసింది. సీమ పట్నం ఇంకా తన రచయిత్రి కోసం చూస్తోంది.

మునిగిన ఊర్లంటే మా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమెను ఇచ్చిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊర్లు మునిగాయి. పరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణ వచ్చింది 1985లో. నాలుగేళ్ళ తేడా. నీళ్ళు నాలుగేళ్ళు ఆగి వచ్చి ఉంటే అని కాదు నా ఉద్దేశం, భూమితోపాటు ఆ హక్కు పుట్టకముందే మునిగిపోయిందని. 1986లో ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని జీవో 98 వచ్చింది. కుటుంబానికి ఒకటంటే అది ఏ కొడుక్కి అన్నదే ఇంట్లో తగాదా అవుతుంది. కూతురికా అనే ప్రశ్న రాదు. అప్పుడు మునిగే గుళ్ళను విప్పి, రాళ్ళను తరలించి కొత్తచోట కట్టారు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద ఇప్పుడున్న రూపాల సంగమేశ్వరాలయం అలా వచ్చిందే. పెద్దమ్మ ప్రతి శివరాత్రికీ గట్టెక్కేది. "సామికి యాడ పెట్టాల్నో రాయి రాయి ఎంచి తెచ్చినారు పాపా, మమ్మల్నెవురూ ఎంచలే" అనేది. కర్నూల్లో ఎవరింటి పక్కనో రెండు గదుల్లో నలభై ఏళ్ళు బతికింది. ఆత్మకూరా, నందికొట్కూరా, కర్నూలా అని ఇంట్లో మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే వాకిట్లో కూర్చుని విన్నదంట. నందికొట్కూరైతే బాగుండునని ఆమెకు ఉండేది. ఎందుకు పెద్దమ్మా అంటే, అక్కడ ఆమె స్నేహితురాలు ఉండేదట. అంతే కారణం. ఇంతకంటే మంచి కారణం ఏ ఒడంబడికలో ఉందో నాకు చూపించండి.

2013 భూసేకరణ చట్టంలో ఒక వాక్యం నాకు కవిత్వం లాగా కనిపిస్తుంది. పెళ్ళయినా కాకపోయినా, వయసొచ్చిన ఆడైనా మగైనా విడిగా ఒక కుటుంబంగా లెక్క అని, వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, కుటుంబాలు వదిలేసిన ఆడవాళ్ళు కూడా విడి కుటుంబాలేనని ఆ చట్టం చెప్పింది. ఒంటరి స్త్రీని 'కుటుంబం' అని పిలవడానికి మన కథలు కూడా ఇంత ధైర్యం చేయలేదు. ఆ వాక్యం మునిగే ఊర్లలో ఎంత అమలైందన్నది మరో వ్యాసం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర మాత్రం అది అమల్లోకి రాలేదని నా సొంత అనుభవంతో చెప్పగలను.

కర్నూల్లో బి క్యాంపు దగ్గర ఒక పై వాటా చూశాను. గాలి, వెలుతురు, రెండు గదులు, డాబా. ఇల్లుగలాయన అన్నీ చూపించి, చివర్లో "సార్ ఎప్పుడొస్తారు?" అన్నాడు. సార్ లేడన్నాను. "అయితే నాయన?" నాయన పోయినాడన్నాను. "మరి అగ్రిమెంటు ఎవరి పేరున రాయాల?" అన్నాడు నిజంగానే అర్థంకాక. కులం అడగడం ఆ తర్వాత వచ్చింది, మెత్తగా. కడపలో ఎర్రముక్కపల్లిలో ఒక ఇల్లు చూశాను. అక్కడ ఇల్లుగలామె మాట్లాడింది. సార్ గురించి అడగలేదు. "నీళ్ళు దినం మార్చి దినం వస్తాయి, పట్టుకునేదానికి ఇంట్లో మనిషుండాల" అంది. నాకు నచ్చిన మాట అది, ఎందుకంటే అది నిజమైన షరతు. వినోదిని 'దాహం' నాటకంలో నీళ్ళ కోసం పోయిన దళిత స్త్రీకి ఎదురైనదాన్ని చదివినవాళ్ళెవరూ సీమలో నీళ్ళను పురపాలక సమస్యగా మాత్రం చూడలేరు. ఏ ఊర్లో నీళ్ళు ఎక్కువ అన్న ప్రశ్న వెనక ఎవరి బిందె ముందు, ఎవరి బిందె చివర అన్న ప్రశ్న ఉంటుంది. కర్నూలుకు తుంగభద్ర, హంద్రి ఉన్నాయి. 2009 అక్టోబరు 2న అవే నగరం మీదకు వచ్చాయి. కడపకు పెన్న దూరం, బుగ్గవంక దగ్గర. 2001లో ఆ వంకే ఊరి మీద పడింది. ఎండాకాలం రెండుచోట్లా బిందెల వరసలే.

ఎర్రముక్కపల్లి ఇంటిని చూడటానికి నాకు మరో ఆశ కూడా ఉంది. బ్రౌన్ గ్రంథాలయం నడిచి పోయేంత దూరం. 1820లో కడప వచ్చిన బ్రౌన్ తర్వాత ఇక్కడ బంగళా కొనుక్కుని, పండితుల్ని పెట్టి తాళపత్రాలు రాయించాడు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వల్ల ఆ స్థలంలో భాషా పరిశోధన కేంద్రం లేచింది. నా బోటి దానికి అదొక పుట్టిల్లు. ఉద్యోగం కోసం ఎక్కడెక్కడికో బదిలీ అయిన ఒక తెల్లదొరకు కూడా తన పుస్తకాల కోసం ఒక ఊరు ఎంచుకునే వీలుంది చూడండి. ఆ పండితులు సంసారాలతో కడప వచ్చారా, ఒంటరిగా వచ్చారా? నా బుర్ర ఎప్పుడూ ఇటే పోతుంది.

రెండు పట్నాలూ ఒకదానికొకటి దూరమా దగ్గరా అంటే చెప్పడం కష్టం. బస్సులో నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా దాదాపు రెండువందల కిలోమీటర్లు. కర్నూలు ముఖం హైదరాబాదు వైపు, కడప ముఖం తిరుపతి, మద్రాసు వైపు. రెండూ వీపులు ఆనించుకుని కూర్చున్న అక్కచెల్లెళ్ళలాగా ఉంటాయి. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు నడవడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకు నూటయాభై ఏళ్ళ ముందే రెంటినీ కలిపింది మాత్రం నీళ్ళు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర మొదలుపెట్టి కడప దాకా తవ్విన కాలువ. పడవలు కూడా నడుస్తాయని తవ్వారు. కంపెనీ నష్టపోయి 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. కె.సి. కెనాల్. కర్నూలు, కడప రెండు పేర్లూ ఒకే మాటలో ఉన్నది ఆ కాలువలోనే. మా ఊరు దాని ఆయకట్టు. మా అమ్మ బట్టలుతికింది దాని ఒడ్డునే.

ఆఖరికి మొన్న వేసవిలో అమ్మను అడిగాను. అప్పటికి నా దగ్గర ఒక నోటు పుస్తకం తయారైంది, ఎడమపక్క కర్నూలు, కుడిపక్క కడప, కింద అద్దె, ఆస్పత్రి, గ్రంథాలయం, రైలు. ఏడాదిగా నేను చేసింది చిన్నాయన, మామ చేసిన పనే, కొంచెం చదువుకున్న పద్ధతిలో. అమ్మ ఆ పుస్తకం వైపు చూడలేదు. "నీకు యాడ పని దొరికితే ఆడికే పోదాం లే" అంది ముందు. అందరు అమ్మలూ అనేదే. నేను వదల్లేదు. రెండురోజుల తర్వాత వంకాయలు తరుగుతూ తనే మొదలుపెట్టింది. కడపలో పుట్టింటివాళ్ళు ఉన్నారు కాబట్టి కడప వద్దంది! నేను బిత్తరపోయాను. "ఆడ నేను వాళ్ళ ఆడపడుచును, ఈడ మీ నాయన పెండ్లాన్ని. ఎవురికీ ఏమీ కాకుండా ఉండే ఊరు ఉంటే చూడు" అంది. కర్నూల్లో నాయన వైపువాళ్ళు ఉన్నారు కదా అంటే, "అందుకే అదీ వద్దు" అంది. కాసేపటికి మళ్ళీ, "ప్రొద్దుటూరు ఎట్లుంటాది?" అంది.

అబ్బూరి ఛాయాదేవిగారు తన చివరి సంవత్సరాలు గడపడానికి హైదరాబాదులోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమానికి వెళ్ళినప్పుడు అయ్యో పాపం అన్నవాళ్ళు ఉన్నారు. ఎవరికీ ఏమీ కాకుండా ఉండే చోటు అని అమ్మ అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడే. 'తన మార్గం' అని ఆవిడ ఒక కథకు పెట్టిన పేరు. ఆ పుస్తకానికి 2005లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అమ్మ ఆ పుస్తకం చదవలేదు. చదివిస్తానంటే "కండ్లజోడు మార్చినాక" అంది.

నా నోటు పుస్తకంలో మూడో గడి గీశాను. బ్రౌన్ గ్రంథాలయానికి ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయిరావచ్చు, గంటా గంటన్నర. నాకు పని దొరకడమే కష్టం. ఎర్రముక్కపల్లి ఇల్లుగలామె రెండుసార్లు ఫోను చేసింది, తీసుకుంటారా లేదా అని. ఈ నెలాఖరుదాకా ఆగమన్నాను. అమ్మను ఒకసారి మూడు ఊర్లూ తిప్పి చూపించాలి. బస్టాండులో దిగి తిరిగొచ్చేయడం కాదు, ఒక్కోచోట రెండు రాత్రులైనా పడుకోవాలంటోంది ఆమె. పడుకోవడానికి చుట్టాలిళ్ళు మాత్రం వద్దంట.